పడవ మీద రిటన్ డేటు

మూడు పుస్తకాలూ ఒకటే కథ. సముద్రం మధ్యలో ఓడ బద్దలవుతుంది. కెప్టెనూ, ఇద్దరు కుర్రాళ్ళూ, కొంతమంది కళాసీలూ ఒక చిన్న పడవలోకి దూకి, తుఫాను కెరటాల మీద తెడ్లు వేసుకుంటూ ఎవరూ ఎరగని దీవికి చేరతారు. బెంగాలీల ఊళ్ళో తెలుగు రైల్వేవాళ్ళు పెట్టుకున్న మథురాకాటి తెలుగు గ్రంథాలయంలో ఆ కథ ఇంగ్లీషులో ఉంది, బెంగాలీలో ఉంది, తెలుగులో ఉంది. తెలుగుదాంట్లో మాత్రం బొమ్మలు లేవు. అచ్చువేసినవాడు బొమ్మల దిమ్మలు దండగ అనుకున్నాడో, తెలుగు పిల్లలకి బొమ్మలెందుకనుకున్నాడో, అట్ట మీద కూడా ఉత్త అక్షరాలే పరిచి వదిలేశాడు.

అందుకని రైల్వే క్వార్టర్ల పిల్లలు ఆ కథని వింతగా చదివేవారు. ఒకరు తెలుగు పుస్తకం పైకి చదవాలి. ఒకరు ఇంగ్లీషుదీ, ఇంకొకరు బెంగాలీదీ సరిగ్గా ఆ ఘట్టం దగ్గర తెరిచి పట్టుకోవాలి. చదవడం మన భాషలో, చూడ్డం పరాయివాళ్ళ పుస్తకాల్లో. దాంతో తగువులు. కెప్టెన్‌కి గడ్డం ఉందా లేదా అని ఆ ఆదివారం జుట్లు పట్టుకున్నారు. ఇంగ్లీషు కెప్టెన్‌కి గుండెల దాకా గడ్డం. బెంగాలీ కెప్టెన్‌కి మొహమే లేదు, టోపీ ఉందంతే.

గంగాభవాని కూతురు రత్నాన్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చి ఆ తగువు మధ్యలో పడింది. ఆమె రైల్వే కార్ఖానాలో, బోగీలకి రంగులు వేసే షాపులో కళాసీ. భర్త పోయాక అతని కొలువు ఆమెకి ఇచ్చారు. బ్రష్షులు కడగడం, రంగులు కలపడం, పైవాడు చెప్పింది చెయ్యడం. పిల్లల్ని విడదీసి రెండు పుస్తకాలూ లాక్కుంది. మందలిద్దామని లాక్కున్నది కాస్తా కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూస్తూ నిలబడిపోయింది.

ఇంగ్లీషువాడు పాళీతో గీశాడు. గీత మీద గీత, గీతకి అడ్డంగా గీత. దగ్గర్నించి చూస్తే చేపల వల, దూరంనించి చూస్తే చీకటి. ఆ చీకటి మధ్యలో పడవ ముందుకొన మీద కెప్టెన్ చెయ్యి చాపి నిలుచున్నాడు. అతని మీద ఒక్క అడ్డగీత లేదు. కాగితం తెలుపంతా అతనికే ఇచ్చేశాడు. తెడ్లు వేస్తున్నవాళ్ళు వల కింద ఉన్నారు. వీపులూ, మోచేతులూ, తలగుడ్డలూ. మొహాల్లేవు.

బెంగాలీవాడిది కుంచె. ఒక్క విసురుతో పేజీ అంత కెరటం లేపాడు. కింద వడ్లగింజంత పడవ. నీళ్ళ మీద ప్రేమ లేనివాడు అలా వెయ్యలేడని భవానికి అర్థమైంది. ఇందులో కెప్టెనూ చుక్కే, కళాసీ చుక్కే. కొంతవరకు న్యాయమే అనుకుంది. కానీ చుక్కకి చెయ్యి నొప్పెట్టదు. చుక్కకి భయం వెయ్యదు.

“ఈ తెడ్లేసినోల మొకాలు ఏ పేజీలో ఉన్నాయే?” అని రత్నాన్ని అడిగింది.

రెండు పుస్తకాలూ చివరిదాకా తిప్పి, ఎక్కడా లేవని చెప్పింది రత్నం.

అప్పుడే గ్రంథాలయం సెక్రటరీ కోటేశ్వరరావు వచ్చాడు. ఆఫీసులో హెడ్ క్లర్కు. మంచివాడే. కాకపోతే ఎదటివాళ్ళు నవ్వుతారేమోనన్న బెంగ ఆయనకి పొద్దున్న లేచిన దగ్గర్నించీ ఉంటుంది. ఆయన వెంట బెంగాలీ బడి టీచరు మిత్రా దీదీ. వచ్చే ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో పిల్లల పుస్తకాల ప్రదర్శన పెడుతున్నారు. ఊళ్ళో ఉన్న ఒక్కొక్క భాషకీ ఒక్కొక్క బల్ల. ఈ ఓడ కథ అన్ని భాషల్లోనూ ఉంది గనక, పడవ కెరటాల మీద పోయే ఘట్టాన్ని ఒక్కొక్కరు ఎలా గీశారో పెద్దది చేసి వరసగా నిలబెడదామని దీదీ ఆలోచన. తెలుగు పుస్తకం తిరగేసి ఆమె నొచ్చుకుంది. సెక్రటరీ ఆమెని ఓదార్చాడు. ఫరవాలేదు, ఇంగ్లీషు బొమ్మే ఇంకో కాపీ తీయించి మా బల్ల మీద పెట్టుకుంటాం, కింద తెలుగులో పేరు రాయిస్తాం అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి గుక్క తిప్పుకునేంత సేపు కూడా పట్టలేదు.

భవాని అడ్డొచ్చింది.

“మన బల్ల మీద ఆల బొమ్మ ఎందుకు బావూ? మనం గీసుకోలేమేటి?”

ఎవరు గీస్తారని సెక్రటరీ అడిగాడు. మా గ్యాంగు గీస్తాదని ఆమె అనేసింది. ఆయన మొహం తేటపడింది. మీ గ్యాంగు పెద్ద గోవిందరావు మిస్త్రీ గీస్తాడన్నమాట, అయితే సరే, శనివారం మధ్యాహ్నానికి ఇక్కడ ఉండాలి, బాగా లేకపోతే మాత్రం ఇంగ్లీషుదే పెడతానని చెప్పి దీదీతో వెళ్ళిపోయాడు. మిస్త్రీ కాదు నేనే అని చెప్పడానికి భవాని నోరు తెరిచేసరికి వరండాలో ఎవరూ లేరు.

*

సోమవారం షాపులో ఆమె సంగతి చెప్పేసరికి గోవిందరావు మిస్త్రీ చేతిలో పని ఆపాడు. బోగీ పక్క నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. ఇటికరంగు వేసి ఆరబెట్టిన బోగీ. దాని మీద పసుపురంగుతో నంబరూ, అడుగున రిటన్ డేటూ పడాలి. మరమ్మత్తు పూర్తయి బయటికి వెళ్ళే ప్రతి బండి పక్కనా షాపు పేరు రాసి, దాని కింద మళ్ళీ ఎప్పుడు మరమ్మత్తుకి రావాలో ఆ నెలా సంవత్సరమూ రాస్తారు. అదే రిటన్ డేటు. అది పడకుండా బండి గేటు దాటదు. ఆ గ్యాంగులో ఇంకో ఆచారం ఉంది. డేటు కింద, రాసినవాడు తన పేరు పొడి అక్షరాలు చిన్నగా వేసుకుంటాడు. ఆ బండి మద్రాసు పోయినా, నాగపూర్ పోయినా, ఆ రెండక్షరాలూ దానితోబాటు పోతాయి.

ఏడాదిగా మిస్త్రీ కుడిచెయ్యి వణుకుతోంది. షాపంతా ఎరుగు, ఎవరూ అనరు. నూలుతాడుకి సుద్దపొడి రాసి గీత కొట్టడం, అక్షరాల ఆకారంలో కోసిన రేకు అచ్చు ఆనించి పట్టుకోవడం అతను చేస్తాడు. అచ్చు తీశాక అక్షరాల మధ్య మిగిలే ఖాళీలు పూడ్చడం, అంచులు కోసినట్టు దిద్దడం, పల్చటి పసుపు గీత ఈ కొసనించి ఆ కొసకి లాగడం భవాని చేస్తుంది. అంతా అయ్యాక ఆమె బ్రష్షు అతనికి అందిస్తుంది. అతను డేటు కింద ‘జీ.ఆర్.’ అని వేస్తాడు. పైన అంతా తిన్నగా ఉంటుంది, ఆ రెండక్షరాలే కొంచెం వంకరగా ఉంటాయి. చూడ్డం తెలిసినవాడికి ఏది ఎవరి చెయ్యో అక్కడే తెలిసిపోతుంది.

“నాను అచ్చరాలోణ్ణి. మొకాలోణ్ణి కాను,” అన్నాడు మిస్త్రీ నిచ్చెన దిగుతూ. “మాటిచ్చింది నువ్వు. నువ్వే గియ్యి. గ్యాంగు పరువు తీసినావంటే మాత్రం నీ సేతికి మళ్ళీ బ్రష్ ఇవ్వను.”

ఆ మాట ఉత్తుత్తిది కాదని ఆమెకి తెలుసు. బ్రష్షు లేకపోతే ఆమె మళ్ళీ రోజంతా డబ్బాలు తోమాలి.

అయినా ఫోర్‌మన్‌ని అడిగి, రద్దయిన బోగీలోంచి ఊడదీసిన ప్లైవుడ్ పలకొకటి అతనే ఇప్పించాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగులూ ఇప్పించాడు. గ్యాంగులో కుర్రాళ్ళు లూకా, సుందర్ రాజు ఆ పలకని చెరో కొసా పట్టుకుని ఆమె క్వార్టరు వరండాలో దింపి పోయారు.

ముందు ఇంగ్లీషువాడిలా గియ్యబోయింది, పాత రేకు ముక్క మీద. బోగీరంగు పాళీ సిరా కాదు. గీత పక్కన గీత పడేసరికి రెండూ ఉబ్బి కలిసిపోయాయి. చేపల వల తారుముద్దయింది. మర్నాడు బెంగాలీవాడిలా గియ్యబోయింది. టర్పెంటైను పోసి రంగు పల్చన చేసి ఒక్క విసురు విసిరింది. కెరటం లేచింది, లేచి కిందికి కారి పడవని మింగేసింది. రత్నం పడీపడీ నవ్వింది. భవానికి కోపం వచ్చింది గానీ పిల్ల మీద కాదు. వాళ్ళెవరో వాళ్ళ సామానుతో వాళ్ళు గీసుకున్నారు. తన చేతిలో ఉన్నది బోగీ బ్రష్షు. బోగీ బ్రష్షు పట్టుకుని పాళీలా ఏడవమంటే అదెందుకు ఏడుస్తుంది?

రేకు కత్తిరించింది. కెరటం ఆకారంలో మూడు అచ్చులు, చిన్నదీ నడిమిదీ పెద్దదీ. దూరాన చిన్న కెరటాలు వరసగా, దగ్గరికి వస్తున్నకొద్దీ పెద్దవి, అన్నీ ఒకే పోత. బోగీ మీద నంబర్లు పడ్డట్టు, ఎక్కడా తడుముకోకుండా, సముద్రం వరసలు కట్టి మీదికి వచ్చింది. నీడలు లేవు. కలిపి పులమడం లేదు. నీలం దగ్గర నీలం, తెలుపు దగ్గర తెలుపు, మధ్యలో కత్తితో కోసినట్టు అంచు. దూరంగా నిలబడి చూసుకుంటే ఆమెకి భయం వేసింది. ఇది ఆ రెండు పుస్తకాల్లో ఏదానిలాగా లేదు.

ఇక పడవ. రత్నం ఆ ఘట్టం పైకి చదివింది. కెప్టెన్ చుక్కాని పట్టుకున్నాడని తెలుగు పుస్తకంలో ఉంది. చుక్కాని పడవ వెనకాల కదా ఉంటుంది, మరి ఇంగ్లీషువాడు కెప్టెన్‌ని ముందుకొన మీద ఎందుకు నిలబెట్టాడని భవాని అడిగింది. గొప్పగా అగుపడాలని, అంది రత్నం. గోడ వారన వక్కలు కత్తిరించుకుంటున్న అత్త దాలమ్మ తలెత్తకుండానే మాట కలిపింది. ఆమె బారువ సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి.

“తెడ్డేసినోడు గట్టు సూడ్డే. గట్టు ఆడి ఎనకాల ఉంటాది. ఆడు సుక్కాని పట్టినోడి మొకం సూసుకుంటూ లాగుతాడు. ఆ మొకంలోనే ఆడికి గట్టు అగుపడతాది.”

భవాని బ్రష్షు కింద పెట్టేసి కూచుంది. పడవని ముందునించి చూస్తే కనపడేవి వీపులే. చుక్కాని వెనకనించి చూస్తే? కెప్టెన్ వీపూ టోపీ. అతని అవతల, మనకేసి తిరిగి, రెండు వరసలుగా, తెడ్లు లాగుతున్న మొహాలు. అందరివీ.

ఆ మొహాలకి ఆమె ఊరంతా వెతకలేదు. మధ్యాహ్నం టిఫిన్ గిన్నెల దగ్గర గ్యాంగుని గుచ్చిగుచ్చి చూసేది. నా మొకాన కూరంటిందేటని లూకా అడిగాడు. అన్నం తిను, ముక్కు అటు తిప్పు, అంది. విరిగి అతుక్కున్న ఆ ముక్కు బొమ్మలోకి పోయింది. సుందర్ రాజు చెవులు పోయాయి. మిస్త్రీ బిగించిన దవడ, నిచ్చెన మీద ఉన్నప్పుడు ఉండేది, ముందు వరసలోకి పోయింది. పడవకి ఇటికరంగు వేసింది, దాని అంచున పల్చటి పసుపు గీత లాగింది. శుక్రవారం సాయంత్రం వెలుగుండగానే పని అయిపోయింది. ఆఖరి గంట ఆమె చెయ్యి తనంత తను నడిచింది.

*

శనివారం గ్రంథాలయంలో, గీసింది తనేనని చెప్పి భవాని పలక మీద గుడ్డ తీశాక కోటేశ్వరరావు వెనక్కి రెండడుగులు వేశాడు. బొమ్మ ఆయన్ని పట్టేసింది, ఆ సంగతి మొహంలోనే తెలిసింది. తరవాత ఆయనకి తన బెంగ గుర్తొచ్చింది.

“కెప్టెన్ మొహం ఏదమ్మా?”

“ఆయన మనకేసి తిరగలేదు బావూ. ఆయనకి పనుంది.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వెళ్ళాడు. పడవ పక్క, చుక్కాని పక్కన, పసుపు గీత కింద వేలు పెట్టాడు. నవ్వు ఆపుకోవడానికో ఏమో పెదవి కొరుక్కున్నాడు.

భవాని చూసింది. షాపు పేరు. దాని కింద ‘మార్చి 66’.

రిటన్ డేటు. ఆ ఎత్తులోనే, ఆ సైజులోనే, బోగీకి ఎక్కడ వేస్తారో సరిగ్గా అక్కడే వేసింది. ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు. ఇటికరంగు మీద పసుపు గీత పడ్డాక దాని కింద ఏం పడాలో చేతికి తెలుసు, వేసేసింది. 

సెక్రటరీ గట్టిగా ఏమీ అనలేదు. బొమ్మ బాగానే ఉందమ్మా అన్నాడు. కానీ రేపు హాల్లో అన్ని భాషలవాళ్ళూ ఉంటారు, వందేళ్ళ కిందటి ఓడ పడవకి రైలు డేటు చూసి తెలుగువాళ్ళకి బోగీలు తప్ప ఇంకేం తెలియదని నవ్వుతారు అన్నాడు. మిస్త్రీకి కబురంపుతాను, పొద్దున్నే వచ్చి దాన్ని కప్పేస్తాడు, నీ చేత మళ్ళీ ఎందుకు అన్నాడు. ఎందుకైనా మంచిదని ఇంగ్లీషు బొమ్మ కాపీ కూడా తీయించి ఉంచాడు. పాత పేపరు చుట్టి, బీరువా పక్కన గోడకి చేరవేసి ఉంది.

ఇంటికి వచ్చి ఆమె చిన్న డబ్బాలో ఇటికరంగు కలిపింది. ఇంకో డబ్బాలో మిగిలిన పసుపు ఉంది. రెండూ, ఒక బ్రష్షూ గుడ్డలో మూట కట్టింది. ఒక్క పోతతో పోయే తప్పు. ఒకరొచ్చి కప్పడం ఎందుకు, తనే కప్పుకుంటుంది.

*

ఇన్‌స్టిట్యూట్ హాల్లో పొద్దున్నే జనం నిండారు. గోడ వారన బొమ్మలు వరసగా నిలబెట్టారు. ఇంగ్లీషుది పెద్దది చేసేసరికి ఆ గీతల వల ఇంకా చిక్కబడి, కెప్టెన్ దీపంలా వెలుగుతున్నాడు. బెంగాలీ కెరటం కిందికొచ్చి నిలబడితే తల మీద పడేట్టుంది. హిందీ పుస్తకంలో అందరికీ ఎర్రటి బుగ్గలు, తుఫానులో కూడా దువ్విన తల చెదరలేదు. ఒడియావాళ్ళది చిన్న చెక్క అచ్చు, మొరటుగా, ముచ్చటగా ఉంది. ఆ వరస చివర భవాని పలక. తెలుగు బల్ల కాలికి ఆనించి పేపరు చుట్టిన ఇంగ్లీషు కాపీ.

భవాని మూట విప్పుతుండగానే గ్యాంగు వచ్చేసింది. ఉతికిన చొక్కాలు, తడి జుట్లు. లూకా బొమ్మ ముందు నిలబడి తన ముక్కు తనే తడుముకున్నాడు. సుందర్ రాజు భార్య మొగుడి చెవులు చూసి, బొమ్మలో చెవులు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ వెనక మథురాకాటి, నింపురా క్వార్టర్లనించి మనుషులు వస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు కెప్టెన్ ముందు ఆగి, బెంగాలీ కెరటం ముందు ఆగి, ఇక్కడికొచ్చేసరికి దగ్గరికి జరిగి పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు.

మిత్రా దీదీ వచ్చి చాలాసేపు చూసింది. మిగతా బొమ్మలన్నీ నేను చూశాను, వీళ్ళు మాత్రం నన్ను చూస్తున్నారు అని బెంగాలీలో అంది. తరవాత ఆ పసుపు అక్షరాల మీదికి ఆమె కన్ను పోయింది. ఇదేమిటని అడిగింది.

కోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన్ని మాట్లాడనివ్వకుండా లూకా అందుకున్నాడు. అందులో నవ్వేదేమైనా ఉందని అతనికి తట్టనే లేదు. చూస్తూనే చదివేశాడు, రోజూ చదివేదే. బండి మా షాపులోంచి బయటికి వచ్చినప్పుడు ఇది రాస్తాం, ఇది ఉందంటే దాని ప్రతి మేకూ మేం చూసినట్టే అని బెంగాలీలో చెప్పి, చివరి మాట మాత్రం తెలుగులో, తనవాళ్ళకేసి తిరిగి అన్నాడు.

“ఈ తారీకు దాకా ఈ పడవ మునగదు.”

వెనకనించి ఎవరో అవునన్నారు. ఎవరూ నవ్వలేదు. దీదీ ఆ ముక్కకి అర్థం అడిగి తెలుసుకుని, వెళ్ళి తన బడిపిల్లల్ని ఆ మూలనించి ఈ మూలకి నడిపించుకొచ్చింది.

భవాని చేతిలో ఇటికరంగు డబ్బా మూత తీసి ఉంది. ఆమె మూత పెట్టేసింది.

గోవిందరావు మిస్త్రీ అప్పుడు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. సెక్రటరీ అతని పక్కకి చేరి తగ్గుగొంతుతో చెప్పాడు. బాగానే ఉంది మిస్త్రీగారూ, కానీ ఎందుకొచ్చిన గొడవ, ఆ డేటొక్కటీ కప్పేసెయ్యండి అన్నాడు. మిస్త్రీ చెయ్యి చాపాడు. భవాని బ్రష్షు ఇచ్చింది. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఈ మనిషి ఇప్పుడు కప్పితే తను చెయ్యగలిగింది ఏమీ లేదు. అతని గ్యాంగు, అతని బ్రష్షు.

మిస్త్రీ వంగి, షాపు పేరు దగ్గర మొహం పెట్టి చూశాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య దూరం బొటనవేలితో కొలిచాడు. ముందు వరసలో తన దవడ ఉంది. దాన్ని చూశాడో లేదో తెలియదు. డేటు కింద చూశాడు. అక్కడ ఖాళీ. రోజూలాగే, అతని కోసం అలవాటుగా వదిలేసిన ఖాళీ.

“డేటు సరిగ్గానే ఉంది సెక్రటరీ బావూ,” అన్నాడు నిలబడి. “ఎవరేసినారో నేదు. అదొక్కటే తప్పు.”

పసుపు డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, అంచుకి ఒత్తి, కొన తీర్చి, ఆమెకి అందించాడు. ఏడాదిగా ఆమె అతనికి ఎలా అందిస్తుందో అలాగే, కాడ అటు తిప్పి.

“ఎయ్యి.”

“మిస్త్రీ, అది నువ్వు…”

“నానేసినవి సాల్లే. వంకరగా ఉంటన్నాయి.”

గ్యాంగు మొత్తం నేలకేసి చూసింది. షాపులో ఎవరూ అనని మాట అతనే హాలు మధ్యలో అనేశాడు.

భవాని మోకాళ్ళ మీద కూచుంది. ఎడమచెయ్యి పలకకి ఆనించి, దాని మీద కుడిచెయ్యి ఆనించింది. ఇంగ్లీషులో వెయ్యలేదు. ‘గం.భ.’ అని తెలుగులో, చిన్నగా, డేటుకి సరిగ్గా నడిమిన వేసింది. గంగాభవాని గీసిన గీత ఏదీ అంతవరకు వణకలేదు, ఇదీ వణకలేదు. రత్నం ఆ రెండక్షరాలూ పైకి చదివింది, ఎవరూ అడక్కుండానే.

కోటేశ్వరరావు వంగి, బల్ల కాలికి ఆనించిన పేపరు పొట్లం తీసి చంకలో పెట్టుకున్నాడు. దాన్ని ఇంగ్లీషువాళ్ళ బల్ల దగ్గరికి పట్టుకుపోయి, ఇది మీదేనండి, ఎక్కువైంది అని ఇచ్చేశాడు.

జనం మీదికి తోసుకొస్తున్నారు. ఒక పిల్లాడు ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయాడు. గోవిందరావు మిస్త్రీ పలక పక్కకి జరిగి, గేటు దాటే బండి పక్కన నిలబడ్డట్టు నిలబడి, వణికే చెయ్యి అడ్డం పెట్టాడు.

“దూరం, దూరం. ఇంకా తడిగుంది,” అన్నాడు.

ఆరేదాకా అక్కణ్ణించి కదల్లేదు.